సహజ హక్కులకు ఆధారమేది?

దైవాన్ని ఒప్పుకోనివానికి మానవ హక్కులను గురించి మాట్లాడే అర్హత లేదని మనలో కొందరు తొందరపడి తీర్పు చెబుతుంటారు. ఆ తీర్పు సరికాదు. అయితే అవతలి పక్షం వాదంలోనూ ఒక లోటున్నది. రెండింటినీ పరిశీలించవలసి ఉన్నది.

మన రాజ్యాంగాన్ని దైవనామంతో ప్రారంభించాలని హెచ్.వి. కామత్ ప్రతిపాదించిన సవరణ 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో 41 అనుకూల, 68 ప్రతికూల ఓట్లతో వీగిపోయింది. కనుక అందులోని హక్కులకు మతవిశ్వాసం పునాది కాదు. మరి పునాది ఏది? 1967లో గోలక్‌నాథ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు సహజ హక్కులకే ప్రాథమిక హక్కులనేది ఆధునిక నామమన్నారు. మనిషి బుద్ధీ నీతీ గల జీవి కావడమే వాటికి కారణంగా చూపారు.

ఈ వాదం విలువ 1976లో తెలిసివచ్చింది. అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదని జబల్‌పూర్ కేసులో అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తేల్చారు. జీవించే హక్కు రాజ్యాంగం ప్రసాదించినది కాదని హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే నిలబడ్డారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. చట్టమే హక్కుకు మూలమైతే, చట్టంతోపాటే హక్కూ పోతుందన్నమాట.

ఇందులో ముస్లిముకు అభ్యంతరకరమైనదేమీ లేదు. దైవప్రవక్త (సల్లం)కు ప్రవక్త పదవి రాకముందే, మక్కాలో సరుకు అమ్మి సొమ్ము రాక మోసపోయిన యెమన్ వర్తకుని పక్షాన కొందరు పెద్దలు ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుదూల్. ఆయన అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి దానికి పిలిస్తే వస్తానన్నారు. మంచిచెడ్డలను బుద్ధి గుర్తించగలదని ఇమామ్ మాతురీదీ (మరణం 944) కూడా అన్నారు. ధర్మవరంలో పట్టుచీర నేసినవాని కూలి ఎగ్గొట్టడం అన్యాయమని గ్రహించడానికి అతని మతం అడగనక్కరలేదు. హిందూపురం బజారులో, హిందువులూ ముస్లిములూ కలిసి వచ్చే పెనుకొండ బాబయ్య దర్గాలో, అందరికీ అర్థమయ్యే న్యాయభాష ఇదే.

ఇక లోటు సంగతి. బుద్ధే హక్కుకు ఆధారమైతే, బుద్ధి వికసించని పసిబిడ్డకూ మతిచెడినవానికీ హక్కు ఎలా వచ్చింది? అన్యాయమని తెలిసీ, పట్టుబడే భయం లేని బలవంతుణ్ణి ఆపేదెవరు? హక్కును గుర్తించడం వేరు, దానికి కట్టుబడడం వేరు. మొదటిదానికి బుద్ధి చాలు. రెండవదానికి, లెక్క అడిగేవాడొకడున్నాడన్న ఎరుక కావాలి. దాసుల హక్కు కాజేసినవానికి, ఆ దాసుడు క్షమించనిదే విముక్తి లేదని మన ధర్మం చెబుతున్నది.

కాని ఈ వాదం ముందుగా మన మీదనే బరువు మోపుతున్నది. నమాజు చదివే యజమాని కూలి ఆపి, నాస్తికుడైన యజమాని పొద్దుగుంకక ముందే చెల్లిస్తే, హక్కులకు విశ్వాసమే గట్టి ఆధారమని మనం ఎవరిని ఒప్పించగలం?