గుడ్డుబొమ్మ అడిగే చాకిరీ

పోయిన సంక్రాంతికి, అమెరికాలో పెరిగిన మా పిన్ని కూతురు ఇంటికొచ్చింది. భోజనాల మధ్య ఆమె హ్యాండ్‌బ్యాగులో ఏదో కీచుమంది. తీసి చూపించింది. తాళాల గుత్తికి వేలాడే గుడ్డు ఆకారపు ప్లాస్టిక్ బొమ్మ, తమగోచి. ఎడమచేత్తోనే దానికి తిండి పెట్టింది. “ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి, పిల్లల్ని ఆడించే వయసులో ఈ ఆటలేమిటే!” అని పెద్దవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనే ఫోన్లో క్రికెట్ ఆడుతున్న తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అనలేదన్న సంగతి తర్వాతగానీ నాకు తట్టలేదు.

1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ కంపెనీ ఈ బొమ్మను అమ్మకానికి పెట్టింది. మూడు మీటలతో తిండి పెట్టాలి, మలం ఎత్తాలి, మందివ్వాలి, నిద్రపోతే దీపమార్పాలి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. దీన్ని రూపొందించిన అకీ మాయిత, అకిహిరో యొకోయిలకు 1997లో ఇగ్ నోబెల్ అనే వెటకారపు బహుమతి ఇచ్చారు. లక్షలాది పనిగంటలను బొమ్మ జంతువుల పెంపకానికి మళ్లించారన్నది అందులోని చమత్కారం. అక్కడ కూడా ఆమెను ‘తల్లి’ అనే పిలిచారు. బొమ్మకు చేస్తే ఆ గంటలు లెక్కలోకొచ్చాయి. మనుషులకు ఆడవాళ్లు చేసే అదే పనికి గంటల లెక్క ఎవరు కట్టారు?

ఆడపిల్లలకు అమ్మతనం నేర్పే శిక్షణగా దీన్ని చదవడం సులువు. నేను మొదట రాసుకున్నదీ అదే. మనం దేన్ని సాకుతామో దానికే అతుక్కుపోతామని షెర్రీ టర్కల్ 2011లో ‘అలోన్ టుగెదర్’లో వివరించింది. కానీ పాత బొమ్మల్ని 2017లో మళ్లీ విడుదల చేస్తే కొనుక్కున్న పెద్దవాళ్ల సంగతేమిటి? వాళ్లకు చాకిరీ కొత్తగా నేర్పనక్కర్లేదు కదా.

అదే అడిగాను. “అక్కా, దీనికి ఎంత ఆకలో నాలుగు గుండె గుర్తుల్లో కనిపిస్తుంది. పెడితే నిండుతాయి. నాకు ఓపిక లేనప్పుడు గడియారం సరిచేసే తెర తెరిచి వదిలేస్తాను, దాని కాలం ఆగిపోతుంది” అంది.

నాకు మాట రాలేదు. పీహెచ్‌డీ చివరి రెండేళ్లూ పక్షవాతంతో మంచం పట్టిన అమ్మను రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ థీసిస్ రాశాను. ఏ గుండే నిండినట్టు కనిపించలేదు. కాలం ఆపే మీట లేదు. అన్నయ్య ఫోన్ చేసి “ఎలా ఉంది?” అని అడిగేవాడు, అమ్మ గురించి.

కాబట్టి ఈ ఇష్టాన్ని పసితనమని కొట్టిపారేయలేను. వాళ్లు వెతుక్కుంటున్నది బాల్యాన్ని మాత్రమే కాదు, చేసింది కనిపించే సేవని, అలసిపోతే ఆపుకోగల సేవని కూడా. అలాగని మెచ్చుకోలేను. ఇంట్లో దొరకాల్సిన ఆ విరామాన్ని కంపెనీ అమ్ముతోంది. బొమ్మ కీచుమన్నప్పుడు చెల్లెలే లేచింది. ఇంట్లో ఎవరు పిలిచినా లేచేది ఆమే. మిగతావాళ్లెందుకు లేవరన్న ప్రశ్న బొమ్మ అడగదు. అది మనమే అడగాలి.