ఏనుగులు పోయిన దారి, మన గుట్టలు

మార్క్ ఎల్విన్ రాసిన ‘ద రిట్రీట్ ఆఫ్ ది ఎలిఫెంట్స్’ (2004) చైనా పర్యావరణ చరిత్ర. నాలుగు వేల ఏళ్ళ కింద ఇప్పటి బీజింగ్ చుట్టుపక్కల కూడా ఏనుగులు తిరిగేవట. ఇప్పుడు బర్మా సరిహద్దున యునాన్‌లో కొద్దిగా మిగిలాయి. అడవి నరికి సేద్యం ముందుకు జరిగినకొద్దీ అవి వెనక్కి జరిగాయి. ఈ కథకి ఎల్విన్ పాత చైనా కవితల్ని విరివిగా సాక్ష్యానికి పిలుస్తాడు. పుస్తకానికి అసలు బలం అదే.

కొండల్నీ నదుల్నీ అంతగా ప్రేమించిన కవులున్న దేశం తన అడవుల్ని ఎందుకు మిగుల్చుకోలేదు? ఆ ప్రేమ నిజమే గానీ సేద్యం, యుద్ధం, రాజ్యం అవసరాల ముందు దాని మాట చెల్లలేదంటాడు ఎల్విన్.

పెద్దపల్లి వాణ్ణి కాబట్టి నాకిది పరాయి కథ అనిపించలేదు. ఉమ్మడి కరీంనగర్ గుట్టల్ని కోసిన గ్రానైట్ బ్లాకులు ఎక్కువగా పోయేది చైనాకే. ఆ గుట్టల్లోనే కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు దానిమీద సంస్కృతం, కన్నడం, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. క్వారీల ముప్పు దాని దాకా వస్తే, విలువ తెలిసినవాళ్ళు గొంతెత్తారు. గుట్ట నిలిచింది.

ఎల్విన్‌తో నాకు పేచీ ఇక్కడే. సంస్కృతి మాట ఒక్కోసారి చెల్లుతుంది. కాకపోతే అది తన సంతకం ఉన్న బండనే కాపాడుకుంటుంది. సీతాఫలం చెట్లూ ఎలుగుబంట్లూ తప్ప ఏ పద్యమూ లేని గుట్టల సంగతేంటి? వాటి పక్షాన చూపించడానికి శాసనం లేదు. కరీంనగర్‌లో ఇళ్ళ మధ్యకి ఎలుగుబంటి వచ్చిందంటే వీడియో చూసి వదిలేస్తాం. చైనా ఏనుగులకి వెనక్కి పోవడానికి కొంత అడవైనా ఉండింది.

కాలువలూ కట్టలూ ఒకసారి కట్టుకున్న సమాజం వాటి మరమ్మతులకే బందీ అవుతుందని ఎల్విన్ చూపిస్తాడు. పాత కోడ్ మోసే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. గుట్టకి ఆ మరమ్మతు కూడా లేదు. కోస్తే పోయినట్టే.

పుస్తకం ఆధునిక కాలం ముందే ఆగిపోవడం నాకు లోటనిపించింది. అందులోని చైనా తన అడవిని తనే తిన్నది. ఇప్పటి చైనా పక్కదేశాల రాయి కొంటుంది. కొన్నది వాళ్ళే, లీజులిచ్చింది మాత్రం మనమే.