లాక్‌లో ఒకటి, ఫ్రీలో ఒకటి

వేలంలో పాడుకున్న పాత ఎంఎం 540 జీపు వేసుకుని మా మేనల్లుడు మొన్న ఆదివారం మాడుగుల అవతల కొండ కింది తోటకి వెళ్లాడు. వాన వెలిసిన బాట. బురదలో దిగబడిపోతే చెరకు ట్రాక్టరు చేత లాగించుకుని, చీకటి పడ్డాక చోడవరం చేరాడు. సోమవారం పొద్దున్నే మా ఇంటి ముందు జీపు ఆపి, దిగీ దిగకముందే మొదలెట్టాడు.

"ఫోర్ వీలు వేసీసేను మావయ్యా. లీవరు పడింది కూడాను. ముందు చక్రాలు లాగితే ఒట్టు. షెడ్డులో చూపిస్తే ముందు డిఫరెన్షియల్ పోయిందంటన్నారు. హౌసింగు విప్పి క్రౌనూ పినియనూ మార్చాలంట."

నేను జవాబు చెప్పకుండా జీపు చుట్టూ ఒకసారి తిరిగాను. ఎడమ చక్రం మధ్యనున్న హబ్బు మీద గుర్తు లాక్ దగ్గర ఉంది. కుడి చక్రం హబ్బు మీద ఫ్రీ దగ్గర ఉంది. బురద ఎండి అక్షరాలు సగం కప్పబడిపోయాయి గానీ, తుడిస్తే ఎవరికైనా కనబడతాయి. డిఫరెన్షియల్‌కి ఏ రోగమూ లేదు.

కోపం మేనల్లుడి మీద రాలేదు. కుర్రాడు కొత్త. వేలకు వేలు ఖర్చయ్యే పనికి స్పానర్లు తీసేముందు, ఒక్క నిమిషం గొంతుక్కూర్చుని రెండు హబ్బులూ చూద్దామని తోచనివాళ్ల మీద వచ్చింది. ఈ కాలమ్ మొదట్నుంచీ చదివేవారికి నా పాత పాటలు కంఠతా వచ్చు. నాలుగు టైర్లూ ఒకే కొలతవి వెయ్యండి, ఘాటీ గేరులో దిగండి, బురద కనబడితే బండి ఆపి దిగి చూడండి. ఈ వారం మూడూ మళ్లీ పాడక తప్పదు.

హబ్బు సంగతి ముందు చెప్తాను. జీపు ముందు చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది. దాని నడిమధ్య నుంచి యాక్సిల్ రాడ్డు కొస పళ్లతో బయటికి వస్తుంది. హబ్బు ఫ్రీలో ఉన్నంతసేపూ చక్రానికీ ఆ రాడ్డుకీ పొత్తు లేదు. మూతని లాక్‌కి తిప్పితే లోపల పళ్ల రింగు ఒకటి జారి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. లోపల కూర్చుని లీవరు ఎంత లాగినా అది ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు జాయింటు షాఫ్టుని తిప్పేవరకే. ఆ బలం నేలకి అందాలంటే హబ్బు ఒప్పుకోవాలి.

"మరి ఎడం పక్కది లాక్‌లోనే ఉంది గదా మావయ్యా, ఆ ఒక్క చక్రవైనా లాగాలి గదా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకీ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. కుడి పక్క రాడ్డుకి చక్రం తగిలి లేదు కాబట్టి అది ఏ అడ్డూ లేకుండా గిరగిరా తిరిగిపోతుంది. దాన్ని తిప్పడానికి కావలసిన బలం దాదాపు సున్నా. ఎడమ పక్కకీ అందేది ఆ సున్నాయే. అందుకే ఒక హబ్బు లాక్ చేసి ఒకటి వదిలేస్తే, రెండూ వదిలేసినట్టే.

మన చెరకు ట్రాక్టర్లు తోలేవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వెనక చక్రం ఒకటి బురదలో ఊరికే తిరుగుతూ, రెండోది గట్టినేల మీద మెదలకుండా ఉంటే, కాలి దగ్గరున్న డిఫ్ లాక్ పెడలు తొక్కుతారు. రెండు రాడ్లూ ఒకటై బండి గట్టెక్కుతుంది. మలుపు తిప్పేముందు కాలు తీసేస్తారు. జీపు ముందు డిఫరెన్షియల్‌కి ఆ పెడలు లేదు. హబ్బులు రెండూ చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

గుడ్డపీలికతో కుడి హబ్బు తుడిచి మూత తిప్పాను. సగం దూరం వెళ్లి ఆగింది. అక్కడ బలవంతం చెయ్యకూడదు. లోపల పళ్లు పళ్లకి ఎదురుగా నిలబడ్డాయన్నమాట, సందు దొరకాలి. కుర్రాడిని జీపు ఒక అడుగు వెనక్కి నెట్టమన్నాను. టక్కుమంది, మూత పూర్తిగా తిరిగింది. జాకీ వేసి ముందు చక్రం లేపి చేత్తో తిప్పి చూపించాను. లాక్‌లో చక్రంతోపాటు వెనకనున్న రాడ్డు కూడా తిరుగుతోంది, ఫ్రీలో చక్రం ఒక్కటే తిరుగుతోంది. డిఫరెన్షియల్ విప్పుదామన్న మేస్త్రి ఎవరైనా ముందు ఈ పరీక్ష చేశాడా లేదా అని అడగండి. డబ్బు మీది.

ఈ హబ్బు పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో మిగులు జీపులు మామూలు జనం చేతికొచ్చాయి. యుద్ధభూమికి చేసిన బండి కాబట్టి తారు రోడ్డు మీద రెండు చక్రాల లాగుడుతో వెళ్తున్నా ముందు రాడ్లు, క్రౌను, పినియను, షాఫ్టు అన్నీ చక్రాలతో పాటు తిరుగుతూనే ఉండేవి. ఆ వృథా తిరుగుడు ఆపడానికే 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన చేత్తో తిప్పే హబ్బులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. మన దేశంలో మహీంద్రావారు విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది 1940ల చివర్లో. అంటే జీపు మన దేశంలో స్థిరపడటమూ, దానికి హబ్బు పుట్టడమూ ఇంచుమించు ఒకే కాలం.

తర్వాత తమంత తామే పట్టుకునే హబ్బులొచ్చాయి, మీటతో వేసే ఫోర్ వీలు వచ్చింది. 2020లో వచ్చిన కొత్త థార్‌లో చక్రం మధ్యన తిప్పుకునే మూతే లేదు, పని అంతా లోపల లీవరుతోనే. మంచిదే. కానీ పాతరకం ఆటోమేటిక్ హబ్బుల మీద నాకు నమ్మకం కుదరలేదు. ఇంజను చక్రాన్ని లాగేటప్పుడు అవి పట్టుకుంటాయి. దిగుడులో చక్రమే ఇంజనును తోస్తుంది, బలం ఎదురు తిరుగుతుంది. అప్పుడు కొన్ని రకాలు పట్టు వదిలేస్తాయి. గరికబంద దాటి పాడేరు ఎక్కేవాడికి ఎక్కడం ఒక సంగతి, తడి ఘాటీ దిగడం ఇంకో సంగతి. మట్టి దిగుడులో లో గేరు వేసి నాలుగు చక్రాల మీదా ఇంజను పట్టు పెట్టి దింపితే బ్రేకు మీద భారం తగ్గుతుంది. ఆ పట్టు సగంలో వదిలే హబ్బు నాకొద్దు.

చేత్తో తిప్పే హబ్బుకి నేను మొక్కేది ఇంకో కారణానికి. అది మనిషిని బండి దింపుతుంది. దిగితే బురద ఎంత లోతుందో కనబడుతుంది. గెడ్డలో నీరు ఎరుపెక్కిందా, రాయి కదిలిందా, ముందు వెళ్లిన బండి ఏ పక్క జారింది, అన్నీ కనబడతాయి. బాట చూడకుండా నడిపేవాడికి నాలుగు చక్రాల లాగుడు ఇస్తే ఇంకా లోతుకి వెళ్లి దిగబడతాడు. ఇది నా పాత పాటల్లో అన్నిటికంటే పాతది.

ఆ పాట నాకు నేర్పిన మేస్త్రి మాత్రం తన చేత్తోనే హబ్బులు ఊడదీశాడు. ఆ సంగతి చెప్పాలి.

1980ల్లో చోడవరంలో ఆయన షెడ్డు అంటే ఏజెన్సీ జీపులకి పుట్టిల్లు. నేను సెలవుల్లో అక్కడ గ్రీజు డబ్బా పట్టుకుని తిరిగేవాణ్ణి. కొండల మీదకి సంతలకి తిరిగే జీపులు పైన మూటలు, వెనక మనుషులు, బానెట్టు మీద ఇద్దరు, అలా వచ్చి ఆగేవి. వాటిలో చాలావాటికి హబ్బులు ఉండేవి కావు. చక్రాన్నీ రాడ్డునీ శాశ్వతంగా కలిపే డ్రైవ్ ఫ్లాంజి అనే ఇనప మూత బిగించి ఉండేది. డీజిలు కలిసొస్తుందని, ముందు క్రౌను ఎక్కువ కాలం మన్నుతుందని ఒక ఓనరు మద్రాసు నుంచి హబ్బులు తెప్పించుకున్నాడు. బిగించింది మా మేస్త్రే. ఇంకో ఇద్దరు చూసి ముచ్చటపడి వాళ్లూ పెట్టించుకున్నారు.

ఆ ఏడాది వానల్లో ఒక రాత్రి, కొండ మీది ఊరి నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మట్టి బాట దాకా మోసుకొచ్చారు. అక్కడ ఈ హబ్బుల జీపు ఉంది. కొంత దూరం వచ్చాక ఎర్రమట్టి ఎగుడు. క్లీనరు కుర్రాడు వర్షంలో దిగి ఎడమ హబ్బు తిప్పాడు. కుడిది పూర్తిగా తిరగలేదు. మూతలోకి బంకమన్ను దూరి బిగుసుకుపోయింది. చేతిలో లైటు లేదు, చీకట్లో రెండూ పడ్డాయనే అనుకున్నాడు. లీవరు వేసి డ్రైవరు ఎంత తొక్కినా వెనక చక్రాలు మన్ను చిమ్మడమే తప్ప జీపు ఎక్కలేదు. డోలీ మోసినవాళ్లే మళ్లీ భుజాలు ఆనించి జీపుని గట్టుకి నెట్టారు. తెల్లవారుజామున చోడవరం ఆసుపత్రికి చేరారు. తల్లీ బిడ్డా దక్కారు.

మర్నాడు డ్రైవరు షెడ్డుకొచ్చి చెప్పాడు. మేస్త్రి అంతా విన్నాడు. ఎవరినీ తిట్టలేదు. పాత సామాను పెట్టెలోంచి ఫ్లాంజులు తీసి కిరసనాయిలుతో కడిగి, హబ్బుల ఆరేసి బోల్టులూ విప్పి, ఫ్లాంజులు బిగించాడు. ఓనరు వచ్చి డీజిలు మాట ఎత్తితే ఒకటే అన్నాడు. "కొండబండికి ముందు చక్రాలు ఎప్పుడు కావాలో కొండ చెప్తాది బాబూ. మనం చెప్పలేం."

ఇదంతా తలుచుకుంటూ రాసుకొచ్చాక నా మాట సవరించి చెప్పవలసి వస్తోంది. చేత్తో తిప్పే హబ్బు మనిషిని దింపుతుంది, నిజమే. అయితే దిగవలసింది బాట చూడటానికి, హబ్బు తిప్పడానికి కాదు. బురదలో కూరుకుపోయాక చీకట్లో మోకాళ్ల మీద కూర్చుని తిప్పే హబ్బు క్రమశిక్షణ నేర్పదు, ప్రాణం విసిగిస్తుంది. సీట్లో ఉన్నది జబ్బు మనిషైతే అసలు ఆ పరీక్షే పెట్టకూడదు. ఫ్రీ అనే సదుపాయం చోడవరం, అనకాపల్లి తారు రోడ్ల మీద తిరిగే మనలాంటి పల్లపువాళ్లకి. కొండవాళ్లకి లాక్ కావాలి.

అందుకని ఈ ఏడాది నుంచి నేను చెప్పేది ఇది. కొండ దారుల్లో తిరిగే జీపుకి వానలు పడగానే రెండు హబ్బులూ లాక్‌లో పెట్టి, వానలు పూర్తిగా వెనకబట్టేదాకా ముట్టుకోకండి. లీవరు మాత్రం టూ వీల్లోనే ఉంచండి. ముందు క్రౌను ఊరికే తిరుగుతుంది, తిరగనివ్వండి. కొంచెం డీజిలు ఎక్కువ తాగుతుంది, కొంచెం అరుగుతుంది. బదులుగా లోపలి పళ్లకీ బేరింగులకీ గేరాయిలు అందుతూ ఉంటుంది. నెలల తరబడి ఫ్రీలో పడి ఉండే ముందు యాక్సిల్‌కి ఆ భాగ్యం లేదు. బురద కనబడ్డాక నెమ్మదిగా, తిన్నగా వెళ్తూ హైలో ఫోర్ వీలు వేసుకోవచ్చు. లో గేరుకి మాత్రం బండి ఆపి మార్చండి.

తారు మీదకి రాగానే మళ్లీ టూ వీలు. ఇది మరిచిపోకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద చుట్టు తిరుగుతాయి. 540 జీపు ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2.3 మీటర్లు. వెనక ఇరుసు 5 మీటర్ల వ్యాసార్ధంలో పూర్తి హెయిర్‌పిన్ తిరిగితే 15.7 మీటర్లు నడుస్తుంది, ముందు ఇరుసు 17.3 మీటర్లు నడవాలి. ఫోర్ వీల్లో రెండు షాఫ్టులూ ఒకే వేగంతో కట్టుబడి ఉంటాయి, ఆ ఒకటిన్నర మీటరు తేడా పోవడానికి దారి లేదు. మట్టిలో టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ బిగువంతా పళ్ల మీద పడుతుంది, లీవరు రానంటుంది. అలా బిగుసుకుంటే గుద్దకండి, నాలుగడుగులు తిన్నగా వెనక్కి నడపండి, వదులుతుంది. ముందు అరిగిన టైర్లు, వెనక కొత్తవి వేసే అలవాటు ఇదే బిగువుని తిన్నని రోడ్డు మీద కూడా తెస్తుంది. నాలుగు టైర్లూ ఒకే కొలత అని నేను గొంతు చించుకునేది ఇందుకే.

గెడ్డ దాటొచ్చాక ముందు హౌసింగు ఆయిలు చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు దూరింది, ఆ వారమే మార్చండి. హబ్బు మూత విప్పినప్పుడు లోపల పల్చగా గ్రీజు రాయండి, కుక్కకండి. ఎక్కువైతే రింగు జారదు.

మేనల్లుడు రెండు హబ్బులూ లాక్ చేసుకుని వెళ్లాడు. క్రౌను పినియను డబ్బు మిగిలింది కదా, దాంతో ఏం చెయ్యమంటావని అడిగాడు. నాలుగు టైర్లు కొనమన్నాను.