ఓర్పు గలవారు కావలెను

ఆన్‌లైన్ ఆటల బృందాలు కొత్త మాడరేటర్ల కోసం వేసే ప్రకటనల్ని సాహిత్యంలా చదవొచ్చని ఈ మధ్యే తట్టింది నాకు. పది పన్నెండు వాక్యాలకు మించవు. కానీ అందులో అడిగే గుణాలు ఎంత పాతవో చూడండి. ఓర్పు ఉండాలి. కోపం తెచ్చుకోకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళకి విసుక్కోకుండా నేర్పాలి. పాత ఆటగాళ్ళతో గొడవ పెట్టుకోకూడదు. రాత్రిళ్ళు అందుబాటులో ఉండాలి. జీతం ఊసు ఉండదు, సేవాభావం మాత్రం ఉండాలి. ఆదివారం పేపర్లో 'వధువు కావలెను' కింద అచ్చయ్యే మాటలకీ వీటికీ ఎంత దూరం? అక్కడ కులం కూడా రాస్తారు, ఇక్కడ రాయరు. (పేరు చూసి పోల్చుకునే వాళ్ళకి ఇక్కడా కొదవ లేదనుకోండి.)

మనలో చాలామందికి ఈ లోకంతో పరిచయం తక్కువ కాబట్టి రెండు మాటలు. జట్లు కట్టి ఫోన్లో ఆడే ఆటల్లో ఆటతోబాటు మాటలూ నడుస్తాయి. ఆడేవాళ్ళు ఆట బయట కూడా డిస్కార్డ్ లాంటి చోట్ల వందల్లో, వేలల్లో గుంపు కడతారు. అక్కడ బూతులు తుడిచేది, తగాదా తీర్చేది, హద్దు దాటినవాడి నోరు కాసేపు మూయించేది మాడరేటర్. కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నకే నూరోసారి కూడా నెమ్మదిగా జవాబు చెప్పేది ఆ మనిషే. చేసినన్నాళ్ళూ ఎవరికీ కనబడని పని. మానేసిన పూట అందరికీ కనబడుతుంది. అలాంటి పని మనకేమీ కొత్త కాదు.

ఆటలోకాల్లో కాపలా ఎవరిదన్న ప్రశ్నని తొలినాళ్ళలోనే గట్టిగా లేవనెత్తిన వ్యాసం జూలియన్ డిబెల్‌ది. 1993లో న్యూయార్క్ పత్రిక 'విలేజ్ వాయిస్'లో వచ్చింది. మన 'నీలిమేఘాలు' వచ్చిన ఏడాదే. లామ్డామూ అనేది బొమ్మలు లేకుండా అంతా అక్షరాలతోనే నడిచే లోకం. పావెల్ కర్టిస్ 1990లో మొదలుపెట్టాడు. అందులో మిస్టర్ బంగల్ అనే పేరుతో తిరిగే ఒకడు, ఇతరుల పాత్రలు వాళ్ళ ప్రమేయం లేకుండానే లైంగిక చర్యలు చేస్తున్నట్టు నలుగురి ముందూ రాతలో నడిపించాడు. బాధితురాలు ఒకామె దాని గురించి అందరికీ రాస్తూ కన్నీళ్ళు పెట్టుకున్నానని డిబెల్‌కి చెప్పింది. అంతకు కొంతకాలం ముందే అక్కడి నిర్వాహకులు (వాళ్ళకి 'మాంత్రికులు' అని పేరు) యంత్రాల సంగతే మాది, మీ తగవులు మీరే తీర్చుకోండి అని తప్పుకున్నారు. సభ పెట్టి ఎంత చర్చించినా జనం ఏమీ తేల్చలేకపోయారు. చివరికి ఒక మాంత్రికుడు తనంతట తానే ఆ ఖాతాని తీసేశాడు. ఆ తర్వాతే కర్టిస్ ఓటింగు పద్ధతి తెచ్చాడు.

గొప్ప వ్యాసమే. కానీ డిబెల్ ఆసక్తి అంతా శిక్ష మీద, మాటకీ చేతకీ మధ్య గీత మీద. మర్నాడు ఆ గదుల్లోకి కొత్తగా అడుగుపెట్టిన ఆడమనిషి పక్కన ఎవరు కూర్చున్నారు? ఆ పని ఆయన కథనంలో దాదాపుగా కనబడదు. తగవు తీర్చేవాడు కథకి నాయకుడవుతాడు, ఊరడించేది నేపథ్యంలో ఉండిపోతుంది.

టి.ఎల్. టేలర్ 2006లో 'ఎవర్‌క్వెస్ట్' అనే ఆట మీద వెలువరించిన 'ప్లే బిట్వీన్ వరల్డ్స్' ఇంకో మెట్టు ఎక్కింది. ఆడవాళ్ళు కబుర్ల కోసమే ఆటల్లోకి వస్తారన్న మాటని ఆమె ఒప్పుకోదు. గెలుపు, నైపుణ్యం, పోరాటం, తిరుగుబోతు స్వేచ్ఛ వాళ్ళకీ కావాలంటుంది. ప్రకటనల్లోని 'ఓర్పు' అనే మాటని ఈ పుస్తకం పక్కన పెట్టి చదివితే అసలు కిటుకు దొరుకుతుంది. ఆడటానికి వచ్చిన మనిషిని ఆట మాన్పించి, ఆడేవాళ్ళకి వండి వడ్డించే పనికి తీసుకుంటున్నారు.

మరిపెడలో (పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్) ఉండే మా చెల్లెలి కూతురు ఇలాగే మాడరేటర్ అయింది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోనులో ఆట మొదలుపెట్టింది. మగపేరు పెట్టుకుని, మైకు మూసుకుని ఆడేది. గురి బాగా కుదిరాక గుంపులో పేరొచ్చింది. ఆడపిల్లని తెలిశాక, "నువ్వు ఓపికగా చెప్తవ్, కొత్తోళ్ళని చూసుకో" అన్నారట. ఇది గురికిచ్చిన బిరుదు కాదని దానికి నెల రోజుల్లోనే అర్థమైంది.

"పేరుకే మాడరేటర్ని పెద్దమ్మా. ఎవల్నన్న తీసెయ్యాల్నంటె మల్ల ఆయన్నే అడగాలె. ఆయనేమో వాడు మంచిగ ఆడతడు, ఉండనీ అంటడు. నేను ఆడనీకి వచ్చిన గద."

ఆ 'ఆయన' గుంపు పెట్టినవాడు. నోరు మూయించే మీట దీనికిచ్చి, వెళ్ళగొట్టే మీట తన దగ్గర ఉంచుకున్నాడు. తాళాలగుత్తి కోడలి కొంగుకి కట్టి, ఇనప్పెట్టె తాళంచెవి మాత్రం అత్తగారు దగ్గర పెట్టుకోవడం మన కథల్లో ఎన్నిసార్లు చదవలేదు! 2020 సెప్టెంబరులో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని ప్రభుత్వం నిషేధించినప్పుడు చైనా గురించి, మన సమాచార భద్రత గురించి, మగపిల్లల చదువుల గురించి ఎంతో చర్చ జరిగింది. మైకు మూసుకుని ఆడే పిల్లల సంగతి ఆ చర్చలో ఎక్కడా నా కంటపడలేదు.

ఇది పనే, సరదా కాదు అని కోర్టుకెక్కిన వాళ్ళూ ఉన్నారు. 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్' ఆటలో కొత్తవాళ్ళ సందేహాలు తీర్చే స్వచ్ఛంద 'కౌన్సెలర్లు' ఉండేవాళ్ళు. వాళ్ళలో కొందరు 2000లో వేతనాలు ఇప్పించమని కంపెనీ మీద దావా వేశారు. అంతకు ముందు ఏడాదే ఏఓఎల్ సంస్థ చాట్‌రూములు కాచిన స్వచ్ఛంద కార్యకర్తలు వేసిన దావా 2010లో కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసింది. కంపెనీ ఉన్నచోట ఆ మాత్రమైనా అడగొచ్చు. కుర్రవాళ్ళు సొంతంగా పెట్టుకున్న గుంపులో ఎవరిని అడగాలి?

కొత్తవాళ్ళని కలుపుకోవడం మన ఊళ్ళకి తెలియని విద్య కాదు. బతుకమ్మ ఆటలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. పాట రాని కొత్తకోడలు కూడా ఆ ఒక్క మాటతో మొదటి చుట్టులోనే ఆటలో ఉంటుంది. చప్పట్లు తప్పితే పక్కామెని చూసి సర్దుకుంటుంది, ఆమె కోసం ఎవరూ ఆట ఆపరు. నేర్పేమనిషి కూడా ఆడుతూనే నేర్పుతుంది, విడిగా కూర్చుని కాదు. ఫోను ఆటలో కొత్తమనిషి మొదటి తప్పుకే 'నూబ్' అనిపించుకుంటుంది. అయితే బతుకమ్మని మరీ ఎత్తుకోనక్కర్లేదు. చాలా ఊళ్ళలో దళిత స్త్రీలని ఆ చుట్టులోకి రానివ్వలేదని దళిత రచయిత్రులు చెబుతూనే ఉన్నారు. ఎవరు చేరొచ్చో ముందే తేల్చేసిన చోట మాడరేటర్ అవసరం రాదు మరి.

మా పిల్ల ఆ పని మానేసింది. తెలిసిన ఆడపిల్లలు పదకొండు మంది కలిసి వేరే గుంపు పెట్టుకున్నారు. అందులో కాపలా వారానికొకరి వంతు. వంతులో ఉన్నామెకి ఎవరినైనా తీసేసే అధికారం ఉంటుంది, ఇంకొకరిని అడగక్కర్లేదు. ఆ వారం ఆమె ఆడాల్సిన ఆటలు ఆమె ఆడుకోవాల్సిందే, అదీ నియమమే. ఇంతవరకూ బాగుంది. కానీ తెలియనివాళ్ళని చేర్చుకోవాలంటే వాళ్ళకింకా భయం. అందుకని వీళ్ళ క్లాసువాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఫోను సొంతంగా ఉన్నవాళ్ళు మాత్రమే వస్తున్నారు. పక్క తండాల్లో అన్న ఫోను అరగంట దొరికితే ఆడుకునే పిల్లలున్నారని వీళ్ళకి తెలుసు. వాళ్ళని పిలవాలా వద్దా అని రెండు నెలలుగా మాట్లాడుకుంటున్నారు.