కర్త ఎవరు? ఒక కంప్యూటర్ ఆట పరిశీలన

సాహిత్య సభలలో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది. పాఠకులు తగ్గిపోతున్నారనీ, పిల్లలూ యువకులూ కంప్యూటర్ ఆటల మత్తులో పడి పుస్తకానికి దూరమవుతున్నారనీ వక్తలు ఆవేదన వెలిబుచ్చుతుంటారు. నేనూ రెండు మూడు వేదికల మీద ఇదే మాట చెప్పినవాణ్ణే. కాని చదవని పుస్తకాన్ని ఖండించడం విమర్శ కానట్టే, ఆడని ఆటను ఖండించడమూ విమర్శ కాదు. ఈ వేసవి సెలవుల్లో అమ్రాబాద్‌లో ఇంటి పట్టున ఉండి, నలభై ఏళ్లు దాటిన వయసులో, మొట్టమొదటిసారిగా ఒక ఆటను మొదటి నుంచి చివరిదాకా ఆడాను. ఆ అనుభవంలో కథాశిల్పానికి సంబంధించి నాకు తోచిన విషయాలను మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఆడిన ఆట 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'. 1990లో అమెరికాలోని లుకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ దీన్ని విడుదల చేసింది. ప్రధాన రూపకర్త రాన్ గిల్బర్ట్. రచనలో టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఆయనకు తోడుగా నిలిచారు. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అనామక యువకుడు సముద్రపు దొంగ కావాలనే కోరికతో మెలే అనే దీవికి వస్తాడు. అక్కడి దొంగల పెద్దలు అతనికి మూడు పరీక్షలు పెడతారు: కత్తియుద్ధంలో గెలవాలి, ఒక దొంగతనం చేయాలి, పాతిపెట్టిన నిధిని తవ్వి తీయాలి. ఈలోగా లెచక్ అనే దయ్యపు దొంగ ఆ దీవి గవర్నరు ఎలైన్‌ను ఎత్తుకుపోతాడు. మనకు ఇది కొత్త ఇతివృత్తం కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చూసిన ఎవరికైనా తోట రాముడూ, రాజకుమారీ, నేపాళ మాంత్రికుడూ వెంటనే గుర్తుకు వస్తారు. కాబట్టి వస్తువు పాతదే. ఆలోచించవలసినది రూపం గురించి.

తెలుగు పంతులుగా నన్ను మొదట ఆకర్షించినది తెర అడుగు భాగం. అక్కడ కొన్ని క్రియాపదాలు రాసి ఉంటాయి. తెరువు, మూయు, తొయ్యి, లాగు, తీసుకో, ఇవ్వు, చూడు, మాట్లాడు, వాడు. తొలి కూర్పులో ఇవి పన్నెండు, తరువాతి కూర్పులో తొమ్మిది. ఒక క్రియ మీద నొక్కి, ఆ తరువాత బొమ్మలోని ఒక వస్తువు మీద నొక్కితే ఒక వాక్యం తయారవుతుంది. ఆ వాక్యమే కథలో సంఘటనగా మారుతుంది. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందు, కర్మ తరువాత. నా చెయ్యి మాత్రం మొదటి రెండు రోజులూ తలుపు మీదికే ముందుగా పోయింది. 'తలుపు తెరువు' అనడమే మనకు అలవాటు. నవ్వుకుంటూ ఆలోచిస్తే ఒక సంగతి స్ఫురించింది. ఆ తెర మీద క్రియలున్నాయి, కర్మలున్నాయి, కర్త పదం మాత్రం లేదు. కర్త స్థానంలో కూర్చున్నది పాఠకుడు. అతడు వాక్యం పూర్తి చేయనిదే కథ అంగుళం కూడా కదలదు.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. అంతకు ముందరి ఆటలలో ఆడేవాడు ఆజ్ఞలను తనే అక్షరాలు కొట్టి రాయవలసి వచ్చేది. రచయిత మనసులో ఉన్న మాటే తట్టకపోతే, ఎంత సరైన ఆలోచన అయినా యంత్రానికి అర్థమయ్యేది కాదు. 1987లో 'మేనియాక్ మ్యాన్షన్' అనే ఆటలో గిల్బర్టూ, గ్యారీ విన్నిక్కూ కలిసి క్రియలను తెర మీదనే పరిచారు. 1989లో గిల్బర్ట్ ఈ తరహా ఆటల లోపాలను విమర్శిస్తూ ఒక వ్యాసం రాశాడు. కారణం లేకుండా నాయకుణ్ణి చంపి ఆడేవాణ్ణి శిక్షించడం తప్పనీ, చిక్కుముడి కథను ముందుకు నడిపించాలే గాని ఇష్టం వచ్చినట్టు అడ్డం పడకూడదనీ అందులో వాదించాడు. మరుసటి ఏడాదే ఆ సూత్రాలను ఈ ఆటలో ఆచరణలో పెట్టాడు. ఇందులో నాయకుడు చావడం దాదాపు అసాధ్యం. పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని గొప్పలు చెప్పుకున్నందుకు, నీటి అడుగున నిజంగానే పది నిమిషాలు ఊరికే నిలబెడితే మాత్రం చస్తాడు. విమర్శ ముందు, రచన తరువాత! మన రచయితలలో ఈ క్రమం ఎంతమందిలో కనిపిస్తుంది?

ఇక నా అనుభవానికి వస్తాను. సాయంకాలాలు పుస్తకాల కోసం మా ఇంటికి వచ్చే విద్యార్థి ఒకడున్నాడు. నల్లమల లోపలి పెంట నుంచి వచ్చి చదువుకుంటున్న చెంచు కుర్రవాడు, పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాడు. అతడు నా పక్కన కూర్చునేవాడు. ఒక దృశ్యంలో సారాయి దుకాణం వంటగది వెనుక, నీటి మీదికి కట్టిన బల్లలపై ఒక చేప పడి ఉంటుంది. తీయబోతే సముద్రపు పిట్ట వచ్చి వాలుతుంది, తీయనివ్వదు. నేను గంటసేపు 'తీసుకో' అనే క్రియనే పట్టుకుని వేలాడాను. కుర్రవాడు కాసేపు చూసి, "సార్, ఆ బల్ల ఒకటి వదులుగ ఉన్నది. దాన్ని తొక్కితే పిట్ట లేస్తది. లేచినప్పుడు తీసుకోవాలె" అన్నాడు. అలాగే జరిగింది. మంచి పొడుపుకథకు ఉండవలసిన న్యాయం ఇదే. విప్పవలసిన ముడి మన కళ్లముందే ఉంటుంది. విప్పడానికి పాండిత్యం అక్కరలేదు, చూపు ఉంటే చాలు. పిట్టను చూడడం ఎమ్మే పట్టా ఉన్న నాకంటే అతనికి బాగా తెలుసు.

ఆ తరువాత వంతెన వచ్చింది. వంతెన మీద ఒక భూతం కూర్చుని సుంకం అడుగుతుంది. అందరి దృష్టినీ లాగేదీ, తీరా చూస్తే ఏ ప్రాముఖ్యమూ లేనిదీ ఒకటి తెచ్చిస్తే దాటనిస్తానంటుంది. మూడు రోజులు అక్కడే ఆగిపోయాం. కుర్రవాడు మాటకు మాట అర్థం అడిగాడు, చెప్పాను. ఇద్దరం ఆ దీవిలో ప్రతి గదీ వెతికాం. ఆ కూర్పులో సూచనలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. గైడు దగ్గర పెట్టుకుని పరీక్ష రాసినట్టవుతుందని దాని జోలికి పోలేదు. చివరకు విసుగెత్తి, సంచిలో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ఇస్తూ పోయాం. చేప ఇవ్వగానే భూతం దారి వదిలింది!

ఎందుకు వదిలిందో కుర్రవాడికి అర్థం కాలేదు. నాకూ కాస్త ఆలస్యంగానే తట్టింది. పొగబెట్టి ఎర్రబరచిన హెరింగ్ చేప ఇంగ్లీషు నుడికారంలో అసలు విషయం నుంచి దృష్టి మళ్లించే వస్తువుకు పేరు. అది తెలిసినవాడు నవ్వుకుంటూ దాటుతాడు. తెలియనివాడికి అది ఒట్టి చేప. పిట్ట దగ్గర ముడి చూపుతో విడిపోయింది, వంతెన దగ్గర ముడి పుట్టుకతో వచ్చిన భాషతోనే విడిపోతుంది. 1991లో వచ్చిన రెండవ భాగంలో కోతిని పట్టి మరచుట్టుగా వాడే చిక్కు ఒకటుంది. అదీ అమెరికా వాళ్లు ఆ పనిముట్టుకు పెట్టుకున్న పేరు మీద ఆడిన శ్లేషే. దాన్ని వేరే పేరుతో పిలిచే ఇంగ్లండు వాళ్లకే అది కొరుకుడు పడదంటే, నల్లమల పెంటలోని పిల్లవాడి మాట చెప్పాలా?

నన్ను బాధించింది ఆ మూడు రోజుల ఆలస్యం కాదు. మేము అర్థం కాకుండానే వంతెన దాటాం. మా రాష్ట్రంలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు వద్దని నేను అనను. అది కావాలని అడుగుతున్నది పేద తల్లిదండ్రులే. కాని సంచిలో ఉన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా విసిరి, ఏదో ఒకటి తగిలితే తరగతి దాటుతున్న పిల్లలను నేను రోజూ చూస్తున్నాను. దాటడం వేరు, తెలియడం వేరు. ఈ తేడాను ఆ ఆట నాకు చూపినంత నిర్మొహమాటంగా ఏ విద్యా సదస్సూ చూపలేదు.

అదే ఆటలో దీనికి విరుగుడు కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఇందులో కత్తియుద్ధం చేతితో గెలిచేది కాదు, నోటితో గెలిచేది. ఎదుటివాడు ఒక ఎత్తిపొడుపు విసురుతాడు, దానికి తగిన జవాబు చెప్పినవాడిదే పైచేయి. ఈ తిట్లలో కొన్నింటి రచనకు ఆర్సన్ స్కాట్ కార్డ్ అనే నవలాకారుడు సాయపడ్డాడు. ఎత్తిపొడుపులూ జవాబులూ నేర్చుకునే దారి దారిన పోయే దొంగల చేతిలో ఓడిపోవడమే. ఓడిన ప్రతిసారీ ఒక మాట మన సొత్తవుతుంది. చివర కత్తివిద్య ఆచార్యురాలు కార్లా ఎదురవుతుంది. ఆమె మనం నేర్చినవి కాక కొత్త ఎత్తిపొడుపులు విసురుతుంది. మన దగ్గర ఉన్నవి పాత జవాబులే. ఏ పాత జవాబు ఏ కొత్త మాటకు అతుకుతుందో ఆలోచించి చెప్పాలి. వల్లె వేసినవాడు అక్కడ ఓడిపోతాడు, అన్వయించినవాడు గెలుస్తాడు. ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం నేను చూడలేదు.

నిధి పరీక్ష మరీ పసందైనది. వంద నాణేలు పోసి కొన్న పటం తీరా చూస్తే నాట్యం నేర్పే కాగితం. అడుగుల ప్రకారం అడవిలో నడిచి తవ్వితే దొరికే నిధి ఒక బనియను! గుప్తనిధుల ఆశతో పాత గుళ్లనూ కోటలనూ తవ్వి పాడుచేసే జాడ్యం మన ప్రాంతాలకు కొత్త కాదు. వ్యంగ్యం మాకు వెంటనే తగిలింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నుడికారం అడ్డం రాని చోట హాస్యం సముద్రాలు దాటుతుందనడానికి ఇది నిదర్శనం. కుర్రవాడు ఆ అడవిని చూసి మాత్రం పెదవి విరిచాడు. "అన్ని చెట్లు ఒక్క తీరే ఉన్నయి సార్" అన్నాడు.

ఇప్పుడు మన కథల మాటకు వద్దాం. పాఠకుణ్ణి కర్తను చేయడానికి కంప్యూటరే కావాలా? అక్కరలేదు. 1964లో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' రాశారు. అప్పు ఎలా పుట్టింది, ఊరు ఎలా మారింది, పంచాయతీలో ఎవరేమన్నారు, అంతా మన ముందు పెట్టారు. సీతారాముడు కన్నకొడుకును నరికే ఆ ముగింపు దగ్గర తీర్పు మాత్రం తాను చెప్పలేదు. దాని మీద ఏళ్ల తరబడి విమర్శకులు వాదించుకున్నారంటే, ఆ వాక్యానికి క్రియ చేర్చే పని పాఠకుడికే వదిలారని అర్థం. ఆ తరువాత అభ్యుదయ కథ పేరుతో మనలో చాలామందిమి ఏం చేశాం? పిట్టా మనమే, బల్లా మనమే, తొక్కేదీ మనమే. చివరి పేరాలో చేప తీసి పాఠకుడి చేతిలో పెట్టి, ఇదే పరిష్కారం అని ప్రకటించాం. పాఠకుడు సంచి పట్టుకుని నిలబడ్డ ప్రేక్షకుడయ్యాడు. అతడు మన కథల నుంచి ఆటలలోకి వెళ్లిపోతే నేరం ఆటలదేనా?

అయితే ఈ రూపానికి నేను హారతి పట్టబోవడం లేదు. దీని హద్దులు ఆ క్రియల పట్టికలోనే ఉన్నాయి. నాయకుడు దొరికిన ప్రతి వస్తువునూ జేబులో వేసుకుంటాడు, అది ఎవరిదని అడగడు. ఎదురైన మనుషులలో ఎక్కువమంది అతనికి తాళాలు మాత్రమే. ఏ తాళంచెవితో ఏ మనిషి తెరుచుకుంటాడన్నదే ప్రశ్న. మంకీ ద్వీపంలోని ఆదివాసులను నరభక్షకులుగా చూపి, ఆరోగ్యం కోసం ఆహార నియమాలు పాటిస్తున్నట్టు రాసి నవ్వించారు. తెల్లవాళ్ల సాహస గాథలను ఎగతాళి చేయడమే రచయితల ఉద్దేశం కావచ్చు. చట్రం మాత్రం ఆ గాథలదే.

ఈ సంగతి నాకంటే ముందు కుర్రవాడే పట్టుకున్నాడు. ఆ ద్వీపంలో తెడ్ల కోసం నాయకుడు లోతైన చీలికలోకి దిగాలి. ఒక తాడు కొమ్మకు కట్టి సగం దూరం, రెండో తాడు మోడుకు కట్టి మిగతా దూరం దిగుతాడు. చక్కని చిక్కు, విప్పినందుకు నేను సంతోషిస్తున్నాను. కుర్రవాడు తెర వంక చూస్తూ, "పైన తాడెవరు పట్టిండ్రు సార్?" అని అడిగాడు. ఎవరూ లేరు, కొమ్మకు కట్టాడు కదా అన్నాను. "కొమ్మ పలుకదు గద సార్" అన్నాడు.

కొండచరియల మీద తేనె తీయడానికి తాడు పట్టుకుని దిగే చెంచుల కుటుంబం అతనిది. పైన తాడు దగ్గర కాపలా ఉండేవాడు సాధారణంగా బావమరిది. చెల్లెలి పసుపు కుంకుమల కోసమైనా అతడు తాడు విడవడని నమ్మకం. కింద ఉన్నవాడు కేక వేస్తే పైనవాడు పలకాలి. ఆ పలుకు మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

కర్తను పాఠకుడికి అప్పగించడం ఆ ఆట సాధించిన విజయం. ఆ కర్తను ఏకవచనంలోనే వదిలేయడం దాని లోపం. పాఠకుణ్ణి కర్తను చేస్తూనే, తాడు పట్టుకునే రెండో మనిషికి కూడా వాక్యంలో చోటివ్వగల రూపం ఏదో వెతకవలసిన బాధ్యత మన మీద ఉంది. అది కాగితం మీద వస్తుందో, తెర మీద వస్తుందో నాకు పట్టింపు లేదు. తెలుగులో వస్తే మాత్రం, ఆ కుర్రవాడు వంతెన దగ్గర ఆగిపోడు.