గిడుగువారి సవరకృషి : భాషావాదమునకు మూలమా, అనుబంధమా?

శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల విద్యాచరిత్రమును వ్రాయువారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని (1863–1940) రెండు తావులఁ బేర్కొందురు. వ్యావహారిక భాషావాదమును దెలుపునపుడు ఒకమాఱు, సవరభాషను దెలుపునపుడు వేఱొకమాఱు. మొదటిదానికిఁ బుటలు చాలవు. రెండవదానికి గౌరవపూర్వకమైన యొక వాక్యముతో సరిపెట్టుదురు. ఈ విభాగము న్యాయమైనది కాదు. కాలక్రమమునుబట్టి చూచినను, విషయమునుబట్టి చూచినను సవరకృషియే కాండము; తెలుఁగువాదము దానినుండి పుట్టిన శాఖ.

పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుగారితోఁ గలిసి చదివిన పంతులుగారు 1880లోఁ బర్లాకిమిడిలో నుపాధ్యాయులైరి. ఆ సంస్థానపుఁ గొండలలో సవరలు వసింతురు. వారి భాషను నేర్వఁదలఁచి, సవరమును దెలుఁగును వచ్చినవాని నొకని నింటఁ బెట్టుకొని యభ్యసించిరి. ఆ భాషకుఁ దెలుఁగున వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, సొంతలిపియు నాఁటికి లేదు. అట్టిచోఁ బ్రమాణమేది? మాటాడువాని నోరే ప్రమాణము. పాఠశాలల పరీక్షాధికారియగు జె. ఏ. యేట్సుదొర ఉత్తరమండలములకు వచ్చి, తెలుఁగున మాటకును వ్రాఁతకును నింత దూరమేల యని ప్రశ్నించుట 1907 ప్రాంతపు మాట. ఆ ప్రశ్నయే బీజమనువారు కలరు. క్షేత్రము ముందే దున్నఁబడియున్న సంగతి వారు విడిచిరి.

ఈ సాధనకుఁ బంతులుగా రిచ్చిన మూల్యమును గూడఁ జెప్పవలెను. మన్యపు జ్వరములకు సేవించిన క్వయినాచేత వారి వినికిడి చెడెను. వినియే నేర్వవలసిన భాషకై చెవులనే యొప్పగించిరి.

1911 నాఁటికి సవరబాలురకు వాచకములు సిద్ధమయ్యెను. కథలును, పాటలును, తెలుఁగు–సవర నిఘంటువును వాని వెంట నడచినవి. సొంతసొమ్ము వెచ్చించి పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవరలకు సవరముననే చదువు చెప్పించిరి. మదరాసు ప్రభుత్వమువారు బహుమానము నీయఁజూపఁగా నొల్లక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుఁడని కోరిరి. సర్కారు ఉత్తరువునకు ముందే యొక బడిపంతులు తన జీతపురాళ్లతో బహుభాషావిద్యను నడపుట యిది.

దాని యావశ్యకత యెంతటిదో యొక్క యంకెల పాఠమునుబట్టియే తెలియును. తెలుఁగు లెక్క పదిమీఁద నడచును. పదమూఁడనఁగాఁ బదియు మూఁడును. సవరల లెక్క పండ్రెండుమీఁదను, ఇరువదిమీఁదను నడచును. పండ్రెండునకు ‘మిగ్గల్’ అని పేరు. పదమూఁడు వారికిఁ బండ్రెండు నొకటి. పందొమ్మిది, పండ్రెండు నేడు. ముప్పదిరెండు, ఇరువదియుఁ బండ్రెండు. ముప్పదితొమ్మిదియన్నచో, ఇరువదియుఁ బండ్రెండు నేడు. ఇట్లు లెక్కించు బాలుఁడు మందబుద్ధి కాఁడు. మనసులో మూఁడు పదముల సంకలనము చేయుచున్నవాఁడు. వానిముందు తెలుఁగు ఎక్కము పెట్టి, తప్పు చెప్పెనని గద్దించు నుపాధ్యాయుఁడు తానే సగము లెక్క యెఱుఁగఁడు. వ్యాకరణమునందు నిట్టిదే. సవరమున నామపదము కుఱుచయై క్రియలోఁ జొచ్చి యేకపదమగును. కంఠమున గాలి నాఁపి పలికెడి ధ్వనికిఁ దెలుఁగు వర్ణమాలలో నక్షరమే లేదు. ఆంధ్రులను శబరులను ఐతరేయ బ్రాహ్మణము ఒక్కవరుసనే పేర్కొన్నదని పండితులు సంతోషింతురు గాని, ఆ రెండు భాషలును వేఱువేఱు కుటుంబములవి: ఒకటి ద్రావిడము, ఒకటి ముండా.

1931లో మదరాసు ప్రభుత్వ ముద్రణాలయమున వెలువడిన సవరభాషా గ్రంథమును, 1933 నాఁటి ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938 నాఁటి సవర–ఇంగ్లీషు నిఘంటువును శాస్త్రదృష్టిచేఁ బంతులుగారి కృషికి శిఖరములు. కాని వాచకముల పక్కఁ బెట్టి చూచునపుడు చదువరి మాఱినాఁడని తోఁపకపోదు. వాచకములు సవరబాలునికై వ్రాయఁబడినవి. 1931 నాఁటి గ్రంథము ఇంగ్లీషున, రోమను లిపిలో, దొరలకును శాస్త్రజ్ఞులకును వ్రాయఁబడినది. కొండ దిగని సవర దానిని జదువలేఁడు. కొండ యెక్కవలసిన తెలుఁగు పంతులును బెక్కుసారులు చదువలేఁడు. ప్రభుత్వము ముద్రించుటకు ఒప్పుకొన్నది అదియే యగుటచే, దోషమును గ్రంథకర్తపైఁ జాల మోపరాదు. బడికిఁ గావలసిన పుస్తకము మాత్రము చిన్నపుస్తకమే.

ఇఁక తెలుఁగువాదము. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమగుటయు, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమున నిలుచుటయు, 1913లో గిడుగువారి విజ్ఞాపనమును, 1914లో గురజాడవారి యసమ్మతిపత్రమును వెలువడుటయు సుప్రసిద్ధములు. వాదము మూలమున నదే సూత్రము: బాలుఁడు బడికిఁ దెచ్చిన మాటనుండి చదువు మొదలు కావలెను. అయినను నిక్కడ నొక బీఁట కానవచ్చుచున్నది. సవరమున నేకొండవాని నోరైనను బ్రమాణమైనది. తెలుఁగునకు వచ్చునప్పటికిఁ బ్రమాణము ‘శిష్టవ్యవహారము’ అయ్యెను. వంశధార నాగావళుల నడుమఁ బొలము దున్నువాని మాట శిష్టుల మాట కాదు. వాని బిడ్డకు గ్రాంథికమెంత పరాయిదో, గోదావరీతీరపు శిష్టభాషయు నించుమించుగా నంత పరాయిదే. పొత్తములకు నొక సామాన్యభాష యుండవలదా యన్న రామయ్య పంతులుగారి శంకను బంతులుగారు సగమంగీకరించి, సామాన్యత్వమును గ్రంథములనుండి తీసి చదువుకొన్నవారి నోటియందుంచిరి. ఆనాఁటి విద్యాస్థితిలో నంతకుమించి సాధింపఁగలిగెడివారు కారేమో. కాని సవరబాలునికి దక్కిన న్యాయము తెలుఁగు పాలేరు బిడ్డకు దక్కలేదనుట సత్యము. వ్యావహారికవాదము గెలిచినదని యుత్సవములు చేయువారు ఈ యంశమును స్పృశింపరు.

1936 ఏప్రిలు 1వ తేదిని ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి యందుఁ జేరెను. అందులకు నొప్పక పంతులుగారు రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. ఆ యేఁడే మంగేయి గొమాంగో యను సవర ‘సొరాంగ్ సొంపెంగ్’ లిపిని గల్పించెను. పరులు తమ లిపి నిచ్చుచుండఁగా సవరలు తమ లిపిని దామే చేసికొనుట సామాన్యవిషయము కాదు. పంతులుగారిని గుఱించిన తెలుఁగు వ్యాసములు మాత్రము దీని మాట తలపెట్టవు.

తల్లిభాషలోఁ జదువు చెప్పుటయే మేలని ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ 1953లోఁ బ్రకటించెను. 1956లో భారత రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరెను. సవరము మఱల బడికెక్కుట కంతకుమించిన కాలము పట్టెను: 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో బహుభాషావిద్య నారంభించినపుడు సవరమందు నొకటి, తరువాత ఒడిశాయు నదే మార్గమునఁ బోయెను. పంతులుగారు వేసిన మొదటి వాచకమునకు నప్పటికిఁ దొంబదియేండ్లు దాఁటినవి. సీతంపేట కొండలలోఁ దెలుఁగు లిపిని, ఎల్లకావల ఒడియా లిపిని నేర్చుచు, ఒక్కతాత మనుమలు ఒక్క సవరపదమును రెండు విధములుగా వ్రాయుచున్నారు. ‘మిగ్గల్’ మాత్రము రెండు వైపులను బండ్రెండే.