లివర్‌మోర్‌లో మాడని తీగ

శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున, కొండల అవతల ఉన్న లివర్‌మోర్ పేరెత్తితే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది శివ-విష్ణు దేవాలయం. అదే ఊళ్లో, ఈస్ట్ ఎవెన్యూ మీద ఆరో నంబరు ఫైర్ స్టేషన్ ఉంది. ఫైరింజన్లు నిలిపే చోట కప్పు నుంచి ఒక వైరు దిగుతుంది. దాని కొసన చిన్న గాజు బల్బు. ఊరికి కరెంటు అమ్మే కంపెనీ యజమాని డెనిస్ బెర్నాల్ 1901లో దాన్ని అగ్నిమాపక దళానికి ఇచ్చాడు. కొద్దిపాటి విరామాలు తప్ప అప్పటినుంచీ వెలుగుతూనే ఉంది. ఒహాయోలోని షెల్బీ ఎలక్ట్రిక్ కంపెనీ సరుకది. గాజు నోటితో ఊది చేసినది, లోపలి తీగ కర్బనం.

ఇన్నేళ్లు ఎలా వెలిగిందో తెలియాలంటే ముందు ఏ బల్బయినా ఎందుకు వెలుగుతుందో చూడాలి. లోహంలోనైనా కర్బనంలోనైనా కొన్ని ఎలక్ట్రాన్లు ఏ అణువుకూ కట్టుబడకుండా తిరుగుతుంటాయి. రెండు కొసల మధ్య వోల్టేజీ పెడితే అవి ఒక వైపుకు సాగుతాయి, దారిలో అణువులను ఢీకొంటాయి. ఢీకొన్న ప్రతిసారీ అణువుల కదలిక పెరుగుతుంది. ఆ కదలికనే మనం వేడి అంటాం. అమెరికా ఇళ్లలో కరెంటు దిశ సెకనుకు 60 సార్లు అటూ ఇటూ తిరిగి వస్తుంది కనుక, తీగలోని ఎలక్ట్రాన్లు కరెంటు ఫ్యాక్టరీ నుంచి ప్రయాణం చేసి వచ్చినవి కావు. ఉన్నచోటే ఊగిసలాడుతుంటాయి. ప్రవాహం సెకనుకు 120 సార్లు సున్నాకు పడిపోతుంది. అయినా ఆ లిప్తకాలంలో తీగ చల్లారదు. వేడి పెరిగేకొద్దీ మొదట ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు. వెలుగంటే అంతే, బాగా వేడెక్కిన వస్తువు విడిచే కాంతి.

ప్రమిదలో వత్తి కాలితేనే దీపం. ఇక్కడ తీగ కాలితే దీపం ఆరిపోతుంది. దాదాపు 1,800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కర్బనానికి గాలి తగిలితే క్షణాల్లో బూడిద. బల్బులోని మిగతా పనితనమంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ అల్లుకున్నదే.

తీగతోనే మొదలుపెడదాం. 1879లో న్యూజెర్సీలోని మెన్లో పార్కులో ఎడిసన్ బృందం పత్తి దారాన్ని గాలి సోకకుండా కాల్చి బొగ్గు చేసింది. మరుసటి ఏడు జపాన్ వెదురుకు మారింది. (మెన్లో పార్కు ఉన్న టౌన్‌షిప్ పేరు ఇప్పుడు ఎడిసన్, తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ఊరు.) అంతకుముందు ప్రయత్నించినవాళ్లలో చాలామంది మందపాటి కర్బన కడ్డీలు వాడారు. వాటి నిరోధం తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ పారుతుంది, వీధి పొడుగునా దాన్ని మోయడానికి లావుపాటి రాగి కావాలి. తీగను సన్నగా, పొడుగ్గా చేసి నిరోధాన్ని 100 ఓమ్‌లు దాటిస్తే కొద్దిపాటి కరెంటుతోనే సరిపోతుంది, రాగి ఖర్చు తగ్గుతుంది. ఎడిసన్ గొప్పతనం బల్బు వెలిగించడంలో కన్నా ఈ లెక్క ముందే వేసుకోవడంలో ఉందని నాకనిపిస్తుంది.

1890ల నాటికి కార్ఖానాలు ఇంకో మెట్టు ఎక్కాయి. పత్తిని జింక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించి, సన్నటి రంధ్రం గుండా ఆల్కహాల్‌లోకి పిండేవారు. దిగిన దారం అక్కడే గట్టిపడేది. వెదురులోలా పీచులు, ముడులు ఉండవు. దాన్ని అచ్చుకు చుట్టి, బొగ్గుపొడిలో కప్పి, కొలిమిలో పెడితే చివరకు కర్బనమే మిగులుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి సన్నబడుతుంది. దీనికి వాళ్లు చేసిన చికిత్స చూస్తే ముచ్చటేస్తుంది. పెట్రోలు జాతి ఆవిరి నింపిన పాత్రలో తీగను ఉంచి కరెంటు పారించేవారు. తీగ పొడుగునా పారేది ఒకే కరెంటు కాబట్టి, సన్నబడినచోట నిరోధం ఎక్కువ, అందుకని వేడీ ఎక్కువ. వేడి ఎక్కువున్నచోట ఆవిరి విడిపోయి కర్బనం ఎక్కువగా పేరుకుంటుంది. అలా లోపమున్నచోటే మందం పెరిగి, తీగంతా ఒకే తీరుగా వెలిగేది. ఎక్కడ సన్నగా ఉందో ఎవరూ వెతకనక్కరలేదు. తీగ తన లోపాన్ని తనే పట్టుకుని తనే పూడ్చుకునేది.

ఇక గాలి సంగతి. మెన్లో పార్కులో పాదరసం పంపు వాడారు. నిలువు గాజు గొట్టంలోంచి పాదరసం చుక్కలు చుక్కలుగా జారుతూ, రెండు చుక్కల నడుమ చిక్కిన గాలిని కిందికి ఈడ్చుకుపోయేది. బుడ్డిలో వాతావరణ పీడనంలో పది లక్షలో వంతు మిగిలాక సన్నటి గాజు గొట్టాన్ని కరిగించి మూసేసేవారు. పాతకాలపు బల్బుల మీద కనిపించే గాజు ముల్లు అదే. కరెంటు లోపలికి వెళ్లేచోట లోహాన్ని గాజులో పొదగాలి. వేడికి లోహం ఒకలా, గాజు ఒకలా వ్యాకోచిస్తే పగులు తప్పదు. అందుకే అక్కడ చిన్న ప్లాటినం ముక్కలు. ప్లాటినం, గాజు దాదాపు ఒకే మోతాదులో వ్యాకోచిస్తాయి. అన్నిటికీ కింద ఇత్తడి టోపీ. మనవైపు రెండు బొడిపెలుండి నొక్కి తిప్పే బల్బులు ఎక్కువ, అమెరికాలో మరలు తిప్పి బిగించేవి. మర చుట్టు ఒక కొస, అడుగున చిన్న బొడ్డు రెండో కొస.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా బల్బు ఏదో ఒకనాడు పోతుంది. ఆ వేడికి తీగ నుంచి కర్బనం కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపల మసిలా అంటుకుంటుంది. ఒకచోట కాస్త సన్నబడితే అక్కడ వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా ఆవిరవుతుంది, ఇంకా సన్నబడుతుంది, చివరకు తెగుతుంది. కార్ఖానాలో తీగను సరిదిద్దిన సూత్రమే ఇంట్లో దాన్ని తెంపుతుంది.

లివర్‌మోర్ బల్బు ఈ చక్రంలో చాలా మెల్లగా తిరుగుతోంది. ఇప్పుడది ఇచ్చే వెలుగు 4 వాట్ల రాత్రి దీపమంత. అంత తక్కువ వేడి దగ్గర కర్బనం ఆవిరవడం నామమాత్రమే. అనాపోలిస్ నౌకాదళ అకాడమీలో భౌతికశాస్త్రవేత్త డెబొరా కాట్జ్ అదే కంపెనీ పాత బల్బొకటి పరిశీలించి, దాని తీగ మామూలు బల్బు తీగకన్నా ఎనిమిది రెట్లు మందమని చూసింది. మందం ఎక్కువైతే పోయే కర్బనం దామాషాలో తక్కువ. పైగా దాన్ని ఆర్పరు, కాబట్టి మాటిమాటికీ వేడెక్కి చల్లారే బాధ లేదు.

ఈ బల్బును చూపించి, కంపెనీలు కావాలనే బల్బుల ఆయుష్షు తగ్గించాయని అనేవాళ్లున్నారు. 1924లో జెనీవాలో పెద్ద కంపెనీలు కూడబలుక్కుని 1,000 గంటల హద్దు పెట్టుకున్న మాట నిజమే. కానీ లివర్‌మోర్ బల్బు దానికి సాక్ష్యం కాదు. ఆ వెలుగులో పుస్తకం చదవలేం. వేడి తగ్గితే ఆయుష్షు పెరుగుతుంది, వెలుగు తరుగుతుంది.

1976లో ఆ బల్బును కొత్త స్టేషన్‌కు తరలించారు. ఏళ్ల తరబడి బిగుసుకున్న మరను తిప్పితే ఆ బలమంతా గాజూ లోహమూ అతుక్కున్నచోట పడుతుందేమోనన్న భయంతో టోపీ జోలికి పోకుండా వైరునే కోసేశారు. పోలీసుల, ఫైరింజన్ల కాపలాతో తీసుకెళ్లి మళ్లీ కలిపారు. ఆరింది 22 నిమిషాలు. 2013 మేలో ఒక రోజు అది ఆరిపోతే ఆయుష్షు తీరిందనే అనుకున్నారు. తీరా చూస్తే చెడింది బల్బు కాదు, కరెంటు పోయినా వెలగాలని దానికి పెట్టిన బ్యాటరీ పెట్టె. దాన్ని తప్పించి నేరుగా కరెంటు ఇవ్వగానే వెలిగింది.